రెండో దారి

ఆ ఆదివారం నాకు ఎక్కడికీ కదలాలని లేదు. వారమంతా ఆఫీసులు తిరిగి, నిచ్చెనలెక్కి, బల్లల కింద దూరి వైర్లు లాగి ఒళ్ళు హూనమై ఉంది. పొద్దెక్కేదాకా పడుకుని, లేచి కాఫీ తాగి, మళ్ళీ పడుకోవాలని గట్టి నిర్ణయంతో ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి మా ఆయన కాఫీ గ్లాసుతో మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనంతట ఆయన కాఫీ కలిపాడంటే నన్నడక్కుండా ఏదో పని ఒప్పుకున్నాడని అర్థం.

"చిన్న పనే," అన్నాడు.

"మీ చిన్న పనులు నాకు తెలుసు."

"పూట పని. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాం. ఒట్టు."

మా ఇద్దరిదీ ఒకటే వృత్తి. ఎవరెవరి కంపెనీలకో వెళ్ళి నెట్‌వర్క్ లైన్లు వేసి వస్తాం. వైర్ల పని ఆయనది, కంప్యూటర్ పని నాది. కిందటేడు ఆయన గుండెకి స్టెంటు వేశారు. బరువులెత్తొద్దనీ, కంగారు పడొద్దనీ డాక్టరు మరీ మరీ చెప్పాడు. అప్పట్నుంచీ బరువులు నేనే ఎత్తుతున్నాను, కంగారు కూడా నేనే పడుతున్నాను. ఆయన మాత్రం హాయిగా పనులు ఒప్పుకుంటున్నాడు.

విసుక్కుంటూనే బయల్దేరాను.

అదొక పెద్ద ఆఫీసు భవనం. సెలవురోజు కావడంతో లోపల నరపురుగు లేదు. కార్లు పెట్టే చోటు పక్కనుంచి మెట్లు దిగితే నేలమాళిగ. ముందొక చిన్న గది, అందులో ఇనప బీరువా, ఒక బల్ల, మడత స్టూలు. ఆ గదికి అవతలివైపు మందపాటి తలుపు. తలుపుకి అరచేయంత గాజు బిళ్ళ. ఆ తలుపు వెనక సర్వర్ల గది.

తలుపు తీయగానే చల్లగాలి మొహాన కొట్టింది. నల్లటి బీరువాల్లాంటి ర్యాకులు వరసగా నిలబడి ఉన్నాయి. వందల ఫ్యాన్లు ఒక్కసారి తిరిగే హోరు. మూలన ఎర్రటి గ్యాసు బండలు. మంట పుడితే ఆ గ్యాసు గదంతా నిండి మంటని చంపేస్తుంది. మంటతోపాటు మనిషికి పీల్చుకోవడానికి గాలీ మిగలదు. అందుకే ముందు గంట మోగుతుంది, ఆ గంట మోగుతుండగానే బయటపడాలి. ఇవన్నీ మాకు కొత్తేం కాదు. కొత్తగా ఉన్నదల్లా వాసన. చల్లటి గాలి అడుగున ఎక్కడో కాలిన రబ్బరు వాసన, చాలా పాతది.

"వైరేదో కాలినట్టుందే," అన్నాను.

"ఎప్పటిదో లే. ఈ గది మూసేసి చాన్నాళ్ళయిందట. రేపట్నుంచి మళ్ళీ వాడతారట," అన్నాడు మా ఆయన, నిచ్చెన విప్పుతూ.

పనేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ఇలాంటి గదుల్లో మనుషులుండరు. సర్వరు మొండికేస్తే ఎక్కడో దూరాన ఉన్న హెడ్డాఫీసువాళ్ళు అక్కణ్ణుంచే దాన్ని ఆపి, మళ్ళీ లేపుతారు. దానికోసం ర్యాకులో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దీపాలు, ఏసీ, తలుపు తాళం అన్నీ దాని చేతిలోనే. ఆ పెట్టెకి బయటి ప్రపంచంతో ఒక్క వైరే సంబంధం. అది తెగితే పెట్టె చెవిటిది, మూగది. అందుకని రెండో దారి ఒకటి వెయ్యాలి. మొబైల్ టవరు మీద నడిచే మోడెమ్ ఒకటి పెట్టి, దాని యాంటెనా తీగ పైన వెంటిలేటర్ దాకా లాగాలి. మెయిన్ వైరు పోతే మోడెమ్ తనంతట తానే మేలుకుని భారం ఎత్తుకోవాలి. మేం చెయ్యాల్సింది అదే.

ఆ తలుపు సంగతి చూసి మా ఆయన తల కొట్టుకున్నాడు. లోపలి మనిషి బయటికి రావాలంటే గోడమీది బటన్ నొక్కాలి. ఆ బటన్ పెట్టెకి చెప్పాలి, పెట్టె హెడ్డాఫీసు కంప్యూటర్ని అడగాలి, అది సరేనంటేనే తాళం ఊడుతుంది.

"ఎవడి తెలివో గానీ వాడి చేతికి దండం పెట్టాలి. నెట్ లేకపోతే మనిషి లోపలే," అన్నాడు.

"తలుపు తెరిచి ఉంచే పని చేసుకోండి."

"తెరిచి ఉంచితే ఈ గోల భరించగలవా?"

నిజమే, తలుపు కాస్సేపు తెరిచి ఉంచితే చాలు, పైనున్న బజరు చెవిలో జోరీగలా కీచుమంటోంది. పైగా గది వేడెక్కుతుంది. చేసేది లేక మూసుకునే మొదలుపెట్టాం. ఆయన లోపల, నేను బయట బల్ల దగ్గర లాప్‌టాప్‌తో. హెడ్డాఫీసువాళ్ళలాగే నేనూ దాంట్లోంచి నెట్ మీద ఆ పెట్టెతో మాట్లాడొచ్చు, తలుపు తీయమని చెప్పొచ్చు. ఆ తలుపు మూస్తే అరిచినా వినబడదు. అందుకని ఎప్పట్లాగే చెరో వాకీటాకీ.

పరీక్ష ఇలా ఉంటుంది. ఆయన మెయిన్ వైరు పీకుతాడు. నా స్క్రీన్ కొయ్యబారిపోతుంది. రెండో దారి తెరుచుకుంటే మళ్ళీ కదుల్తుంది. ఆయన "వచ్చిందా?" అని అడుగుతాడు. నేను "వచ్చింది" అంటాను. అప్పుడు మెయిన్ వైరు తిరిగి పెడతాడు. ఇన్నేళ్ళ కాపురంలో మేం ఒకరికొకరం ఎక్కువసార్లు చెప్పుకున్న మాటలు ఇవే అయ్యుంటాయి. కళ్ళతో చూడకుండా వచ్చిందని అనకూడదన్నది ఆయన పెట్టిన రూలు. ఆ ఒక్క విషయంలో నామీద ఎప్పుడూ కేకలెయ్యాల్సిన పని ఆయనకి పడలేదు.

కాస్సేపటికి స్క్రీన్ ఆగింది. చూస్తూ కూర్చున్నాను. నాలుగు ఊపిర్లు తీసేలోగా మళ్ళీ కదిలింది.

"వచ్చిందండీ," అన్నాను వాకీటాకీలో.

"ఏం వచ్చింది మేడమ్ గారూ?" పనిలో ఉన్నప్పుడు నన్నలాగే వెటకారం చేస్తాడు.

"మెయిన్ తీశారుగా?"

"నేనింకా నిచ్చెన మీదున్నాను. యాంటెనా బిగిస్తున్నా."

దిగి చూశాడు. మెయిన్ వైరు ఊడి వేలాడుతోందట. క్లిప్పు వదులై ఉంటుందనుకున్నాం. ఆయన గట్టిగా నొక్కి పెట్టాడు. మోడెమ్ అంత చప్పున అందుకున్నందుకు నాకు సంతోషంగానే అనిపించింది. పని తొందరగా తెమిలితే ఇంటికెళ్ళి నడుం వాల్చొచ్చు.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఏసీ గొట్టంలో నీటిచుక్కలు పడే చప్పుడు. పైన ఎవరో నడిచినట్టు ఒకసారి... కాదు, లిఫ్టు. కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయి. గడ్డం అరచేతిలో పెట్టుకుని కునికిపాట్లు పడుతుంటే స్క్రీన్ మళ్ళీ ఆగి, మళ్ళీ కదిలింది. వాకీటాకీ గరగరలాడింది.

"...వా... వచ్చిందా?"

గొంతు బొంగురుగా, అలిసిపోయినట్టుంది. ఈయనకి మళ్ళీ ఆయాసం వస్తోందేమోనని కంగారుపడ్డాను.

"వచ్చింది. మీరు కాస్సేపు కూర్చోండి," అన్నాను.

అదే క్షణంలో తలుపు తెరుచుకుంది. మా ఆయన చేతిలో తన వాకీటాకీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావ్? నాది బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది ఇవ్వు."

సంచీలోంచి బ్యాటరీ తీసి ఇచ్చాను. ఆ గొంతు సంగతి చెప్పలేదు. చెప్తే నవ్వుతాడు. ఆయన నవ్వితే నాకు ముక్కు మీద కోపం వస్తుంది, పోట్లాడే ఓపిక కూడా ఆ రోజు లేదు.

"మెయిన్ తీశారా?" అని మాత్రం అడిగాను.

"లేదే," అన్నాడు.

కాస్సేపటికి వాచ్‌మన్ టీ పట్టుకుని దిగాడు. పెద్దాయన. మెట్లు దిగడానికే ఆయాసపడుతున్నాడు. టీ గ్లాసులు బల్లమీద పెట్టాడు గానీ కూర్చోలేదు, ఆ తలుపు వైపు వీపు కూడా పెట్టలేదు.

"ఇద్దరే వచ్చారా అమ్మా?" అన్నాడు.

"ఇద్దరమే. ఏం?"

"అప్పుడూ ఇద్దరే."

మా ఆయన టీ ఊదుకుంటూ, "ఎప్పుడు పెద్దాయనా?" అన్నాడు.

పెద్దాయన చెప్పడానికి ఇష్టపడలేదు. చెప్పకుండా వెళ్ళడానికీ ఇష్టపడలేదు. చివరికి గోడకి ఆనుకుని గొంతు తగ్గించి చెప్పాడు. ఈ గదికి మొదట లైన్లు వేసినవాళ్ళు బావా బావమరుదులట. బావ బయట, బావమరిది లోపల. వాళ్ళూ రెండో దారి వేశారు. కానీ ఇంకో గొట్టం ఎవడు తొలుస్తాడని, మెయిన్ వైరున్న గొట్టంలోంచే దాన్నీ లాగేశారు. పరీక్ష చేసే రోజున ఆ గొట్టంలోనే నిప్పు పుట్టింది. రెండు వైర్లూ ఒక్కసారే కాలిపోయాయి. గంట మోగింది. తలుపు తెరుచుకోలేదు.

"బావా వచ్చిందా, బావా వచ్చిందా అని ఆయన లోపల్నుంచి అడుగుతానే ఉన్నాడు తల్లీ. ఈయనేమో వచ్చిందిరా, ఇదిగో తీస్తున్నా, కంగారు పడకు అంటానే ఉన్నాడు. చివరి దాకా అదే మాట. నేను ఈ బల్ల పక్కనే ఉన్నా. ఆ స్క్రీన్ మీద ఏమీ లేదు. నల్లగా ఉంది."

మా ఆయన గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"ఆ బావ ఏమయ్యాడు?" అన్నాను.

"ఈ పని మానేశాడు. ఫోను మోగితే ఎత్తడంట. ఆళ్ళింటివాళ్ళు చెప్పారు," అని ఖాళీ గ్లాసులు తీసుకుని పెద్దాయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పైకెళ్ళే దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

నాకు ఆ చనిపోయిన మనిషి కన్నా, ఆ బావ మీదే జాలి ముంచుకొచ్చింది. లోపల ఉన్నది మన మనిషైతే ఏం చెప్తాం? నీకు దారి లేదురా అని చెప్పగలమా?

"ఏవండీ, పోదాం పదండి," అన్నాను. వాకీటాకీలో విన్నది కూడా చెప్పేశాను.

మా ఆయన నవ్వలేదు. అందుకు నాకు ఇంకా భయమేసింది. లేచి లోపలికెళ్ళి ఆ పాత గొట్టం చూసొచ్చాడు. మసి పట్టి ఉందన్నాడు.

"మనం వేసింది వేరే వైపు నుంచి. వెంటిలేటర్లోంచి. దీనికీ దానికీ సంబంధం లేదు," అన్నాడు. "వైర్లు కట్టెయ్యాలి, ఒక్కసారి పరీక్ష చెయ్యాలి. అంతే. ఇప్పుడు వదిలేస్తే రేపు మళ్ళీ ఈ మెట్లు దిగాలి. నీకుందా ఓపిక?"

లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ గదికి మళ్ళీ రావడమనే మాట వినగానే నా కాళ్ళు దెయ్యం మాట విన్నప్పటి కన్నా ఎక్కువ పీకాయి. మనిషి అలిసిపోతే భయం కూడా ఆలస్యంగానే వస్తుంది.

"తలుపు మాత్రం మూయను," అన్నాను.

"మూసి చేస్తేనే పరీక్ష."

"ఆ పరీక్షప్పుడు చూద్దాం. వైర్లు కట్టేదాకా తెరిచే ఉంటుంది."

మడత స్టూలు విప్పి తలుపుకి అడ్డంపెట్టాను. బజరు మొదలైంది. కీచుమని ఒకటే గోల. చెవుల్లో దూది పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ర్యాకుల మధ్య నుంచి టేపు చింపుతున్న చప్పుడు వస్తోంది. దాన్ని వింటూ కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంది. వింటూ... వింటూ తల బల్లకి ఆనించాను. కళ్ళు మూయలేదు. మూశానేమో.

బజరు ఆగింది.

తలెత్తి చూశాను. తలుపు మూసి ఉంది. స్టూలు శుభ్రంగా మడిచి గోడకి చేరేసి ఉంది.

స్క్రీన్ ఆగిపోయి ఉంది.

"మేడమ్ గారూ," అన్నాడు వాకీటాకీలో మా ఆయన. "మూయనన్నావ్, మూశావేం?"

"నేను మూయలేదు." స్క్రీన్ వైపు తిరిగాను. "మీరు మెయిన్ తీశారా?"

"లేదు. నా చేతిలో టేపుంది." అడుగుల చప్పుడు వినబడింది. తర్వాత, "తీసే ఉంది. వైరు కింద పడి ఉంది," అన్నాడు నెమ్మదిగా.

"పెట్టెయ్యండి. ముందు పెట్టెయ్యండి!"

"పెట్టాను... దాని దీపం వెలగట్లేదు."

స్క్రీన్ వంక చూశాను. కదల్లేదు. మోడెమ్ అందుకోవాలి. పొద్దున్నుంచీ చిటికెలో అందుకున్నది ఇప్పుడు అందుకోవడం లేదు. మీటలన్నీ నొక్కాను. ఏమీ లేదు.

గంట మోగింది.

అంత మందం తలుపు దాటి కూడా వినబడింది. మంట లేదు, పొగ లేదు. గంట మాత్రం మోగుతోంది. పరిగెత్తి గాజు బిళ్ళలోంచి చూశాను. మా ఆయన తలుపు పక్క బటన్ నొక్కుతున్నాడు. మళ్ళీ నొక్కుతున్నాడు. అరచేత్తో బాదుతున్నాడు. నేను బయటి హ్యాండిల్ పట్టుకుని వేలాడాను. కొండని లాగినట్టుంది. "పెద్దాయనా!" అని మెట్ల వైపు గొంతు చించుకున్నాను. పలుకు లేదు.

ఆయన బటన్ వదిలేసి నెమ్మదిగా వెనక్కి నడిచాడు. మొదటి ర్యాకుకి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. చెయ్యి ఛాతీ మీద ఉంది. రెండో చేత్తో వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"వచ్చిందా?" అన్నాడు.

చూడకుండా ఎప్పుడూ అనలేదు నేను. ఇప్పుడైతే చూశాను కూడా. రాలేదు. రాలేదని కళ్ళారా చూస్తూనే...

"వచ్చింది," అన్నాను. "ఇదిగో తీస్తున్నా. మీరు కంగారు పడకండి."

అనేశాక నా చెవులకి నా మాటే వినబడింది.

వాకీటాకీ గరగరలాడింది. మా ఆయన చెయ్యి కిందికి దిగిపోయి ఉంది. ఆయన వాకీటాకీ బటన్ నొక్కట్లేదు. ఆయన పెదాలు కదలట్లేదు.

"అప్పుడూ... అదే అన్నావు బావా."

గాజు బిళ్ళ మీద లోపల్నుంచి ఆవిరి పట్టింది. ఎవరో దానికి మొహం ఆనించి ఊపిరి వదిలినట్టు. ఆవిరి మాసింది. మళ్ళీ పట్టింది. మా ఆయన అల్లంత దూరంలో నేలమీద కూర్చుని ఉన్నాడు.

"బావా... వచ్చిందా?"

గంట మోగుతూనే ఉంది.

"వచ్చిందా?"

వాకీటాకీ రెండు చేతులతో పట్టుకున్నాను. ఏడుపు తన్నుకొస్తోంది. అంత భయంలోనూ ఆ గొంతులో నాకు వినబడింది కోపం కాదు. అలసట. ఎన్నాళ్ళ నుంచో ఒకే ప్రశ్న అడిగి అడిగి, ఒకే జవాబు విని విని, నమ్మలేక మళ్ళీ తానే వైరు పీకి చూసుకుంటున్న మనిషి అలసట.

"రాలేదు," అన్నాను. "నేను మీ బావని కాను. ఏమీ రాలేదు. స్క్రీన్ ఆగిపోయింది. నా దగ్గర దారి లేదు, ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఆయన గుండె మంచిది కాదయ్యా. నీకేదైనా దారి తెలిస్తే ఆయన్ని పంపించెయ్. నీకు దణ్ణం పెడతాను." అప్పుడు నా నోటికి ఏమొస్తోందో నాకు తెలియలేదు. "నువ్వు మాత్రం అక్కడెందుకు, నువ్వూ వచ్చెయ్ నాయనా. నువ్వూ వచ్చెయ్."

గంట ఆగింది.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఫ్యాన్ల హోరు కూడా లేదు.

వెనక బల్లమీద స్క్రీన్ కదిలింది. పడుతూ లేస్తూ వెళ్ళి తలుపు తీయమని కొట్టాను. తాళం టక్కుమంది. తలుపు నేను లాగకుండానే తెరుచుకుంది. బారుగా, గోడకి ఆనేదాకా తెరుచుకుని అలాగే నిలబడింది. నేను లోపలికి దూకి ఆయన్ని చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చాను. బరువులెత్తడం అలవాటేగా. మేం బయటికొచ్చి పడ్డాక కూడా తలుపు కాసేపు తెరిచే ఉంది. బజరు మోగలేదు. తర్వాత దానంతటదే మూసుకుంది.

మెట్లెక్కి పైకొచ్చాం. బయట మధ్యాహ్నపు ఎండ కాస్తోంది. రోడ్డు మీద ఎవరో సైకిలు గంట కొడితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ముందుమెట్ల మీద కూర్చుని ఆయన మాత్ర వేసుకున్నాడు. ఊపిరి కుదుటపడింది. అప్పుడు తిట్టాను. పెళ్ళినాటి నుంచీ దాచుకున్నవన్నీ కలిపి తిట్టి, ఆయన భుజమ్మీద తల పెట్టుకుని భోరున ఏడ్చాను. ఈ మనిషి లేకపోతే నేను బతకలేనని అన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. ఆ మెట్ల మీద చెప్పాను.

"సరే, సరే. వాచ్‌మన్ చూస్తున్నాడు," అన్నాడాయన. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

గంట తనకి వినబడనేలేదన్నాడు వాచ్‌మన్. మా ఆయన అక్కణ్ణుంచే హెడ్డాఫీసుకి ఫోను చేసి, తలుపు తాళం మార్చేదాకా ఆ గదిలోకి పురుగుని కూడా పంపొద్దని గట్టిగా చెప్పాడు. దారిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. గుండె బాగానే ఉందన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. ఇంటికి వస్తూనే రెండు ముద్దలు తిని పడకగదిలోకి వెళ్ళి పడుకున్నాడు. దుప్పటి కప్పి, కాసేపు ఆయన ఊపిరి వింటూ నిలబడి బయటికొచ్చాను.

చీకటి పడుతోంది. ఆయన చొక్కా నానబెడదామని జేబులు తడిమితే ఏదో గట్టిగా తగిలింది. తీసి చూశాను. మోడెమ్‌లో వెయ్యాల్సిన సిమ్ కార్డు. ఇంకా ప్లాస్టిక్ అట్ట నుంచి విరవను కూడా లేదు.

మోడెమ్ పెట్టాడు, తీగ లాగాడు, యాంటెనా బిగించాడు. సిమ్ వెయ్యడం మర్చిపోయాడు. అలసటలో మాలాంటివాళ్ళు చేసే పొరపాటే. నేనూ ఒకటి రెండుసార్లు చేశాను. సిమ్ లేని మోడెమ్ ఉత్త ప్లాస్టిక్ డబ్బా. దానికి టవరు దొరకదు, దారీ ఉండదు.

మరి పొద్దున్నుంచీ వచ్చింది, వచ్చింది అని నేను చెప్పినదేమిటి? ఆ తలుపు నేను దేని మీంచి తెరిచాను?

చేతులు తుడుచుకుని హాల్లో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. రెండో దారి ఇంకా తెరిచే ఉంది. ఆకుపచ్చ గుర్తు నిదానంగా వెలిగి ఆరుతోంది. ఆ లైను మీద ఎవరెవరున్నారో, ఎక్కణ్ణుంచి ఉన్నారో కింద కనబడుతుంది. ఇద్దరున్నారు. ఒకటి నా పేరు, పక్కన మా ఇంటి నెట్ నంబరు. రెండోదానికి పేరు లేదు.

దాని పక్కన కూడా మా ఇంటి నంబరే ఉంది.

మూసెయ్యాలని మీట మీద వేలు పెట్టాను. ఆయన ప్రాణం నిలబెట్టిన దారి అది. వేలు కదల్లేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. పడకగది తలుపు ఓరగా ఉంది, లోపల దీపం లేదు, మంచం అంచు మాత్రం కనబడుతోంది. ఎంత గాఢనిద్రలో ఉన్నా, పక్కలోకి నేను వచ్చానని తెలిస్తే మా ఆయన కళ్ళు తెరవకుండానే గోడవైపుకి జరిగి చోటిస్తాడు.

నేను హాల్లోనే ఉన్నాను. లోపల మంచం కిర్రుమంది. నిద్రలో ఏదో గొణిగి, ఆయన గోడవైపుకి జరిగాడు.